టెక్ సందేహాలు: మేలురకం ఉక్కు అయితే సైకిలు బిరుసెక్కుతుందా?

ప్రశ్న: నా పాత స్టీల్ సైకిలు మీద ప్రయాణం హాయిగా ఉండేది. కొత్తదాని ఫ్రేము మీద ‘4130 క్రోమోలీ’ అన్న స్టిక్కరు ఉంది. గతుకుల్లో మాత్రం చేతులు అదిరిపోతున్నాయి. మంచి ఉక్కు కావడం వల్లేనా?

జవాబు: కాదు. క్రోమోలీ అంటే క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఉక్కు. ఆ స్టిక్కరు ఉక్కు బలం గురించి చెబుతుంది, బిరుసు గురించి ఒక్క ముక్కా చెప్పదు. వంకరపోకుండా ఎంత బరువు ఓర్చుకుంటుందన్నది బలం. ఆ బరువుకు ఎంత తక్కువ వంగుతుందన్నది బిరుసు. నాసిరకం ఉక్కయినా, క్రోమోలీ అయినా, 1935లో వచ్చిన సైకిలు గొట్టాల ఉక్కు రేనాల్డ్స్ 531 అయినా, పదార్థపు బిరుసును కొలిచే యంగ్ గుణకం ఇంచుమించు 200 గిగాపాస్కల్సే. గొట్టాల కొలతలు ఒకటే అయితే అన్నీ ఒకేలా వంగుతాయి. మేలురకం ఉక్కు ఇచ్చే వెసులుబాటు ఒకటే: గొట్టం గోడను పలచన చేయవచ్చు. అతుకులు పడే చివరల్లో 0.9 మి.మీ., నడుమ 0.6 మి.మీ. మందంతో చేస్తారు. బరువు తగ్గుతుంది, గొట్టం ఇంకాస్త ఎక్కువే వంగుతుంది. అంటే మీ అనుమానానికి సరిగ్గా తిరగేసి!

అసలు తేడా తెచ్చేది గొట్టం లావు. గోడ మందం మారకపోతే వ్యాసం ఘనానికి తగ్గట్టు బిరుసు పెరుగుతుంది. పాతకాలం ఫ్రేముల్లో పై గొట్టం 25.4, కింది గొట్టం 28.6 మి.మీ. ఉండేవి. తర్వాత వచ్చిన లావు రకంలో అవి 28.6, 31.8 అయ్యాయి. పెరిగింది మూడు మిల్లీమీటర్ల చిల్లరే, పై గొట్టం బిరుసు మాత్రం 40 శాతానికి పైగా పెరిగింది. కాలిపర్ లేకపోతే గొట్టానికి దారం చుట్టి కొలవండి: 80 మి.మీ. వస్తే 25.4, 90 వస్తే 28.6, 100 వస్తే 31.8.

అయితే ఈ బిరుసు ఎక్కువగా తెలిసేది పక్కవాటు ఊగులో. లేచి నిలబడి ఎత్తు ఎక్కుతుంటే చైను ముందువైపు గేర్లు మార్చే డీరైలర్‌కు రాసుకుని కరకరమంటుందే, అది పెడళ్ల దగ్గర ఫ్రేము పక్కకు వంగుతున్న చప్పుడు కావచ్చు. నిలువునా మాత్రం ఆ త్రికోణాల చట్రం వంగేది బహు స్వల్పం. అదే గతుకులో టైరు ఎన్నో మిల్లీమీటర్లు నొక్కుకుపోతుంది. అందుకే నేను ఫ్రేము కన్నా ముందు టైర్లనే అనుమానిస్తాను. పాత సైకిలు టైర్ల వెడల్పు ఎంతో చూశారా? గాలి కొంచెం కొంచెం తగ్గిస్తూ, టైరు పక్కన ముద్రించిన కనిష్ఠానికి దిగకుండా, అదే గతుకుల దారిలో తొక్కి చూడండి. అప్పటికీ తగ్గకపోతే, ఫోర్కులో చోటు ఉన్నంత మేరకు వెడల్పాటి టైరు వేయించండి.