మేనల్లుడికి, ఆ 1911 పిస్తోలు గురించి

ఒరేయ్ చిన్నా,

నువ్వు పిస్తోలు కొని గరాజ్‌లో దానికి మెరుగు పెట్టబోతున్నావని మీ అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసి ఒకటే కంగారు. నాకూ భయమే, కానీ గర్వంగా కూడా ఉందిరా. మన ఇంట్లో ఆకురాయి పట్టేవాడు నా తర్వాత ఇంకెవడూ ఉండడనుకున్నాను.

గ్రీన్ కార్డ్ వచ్చేదాకా ఆగి కొన్నావు, మంచిపని చేశావు. హెచ్-1బి మీద ఉన్నవాడు వేట లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకుంటే ఫెడరల్ నేరం. మన పిల్లల్లో చాలామందికి ఆ సంగతే తెలియదు.

రాక్ ఐలండ్ కంపెనీ 1911 మోడల్ నేర్చుకోవడానికి మంచిదే. ఫిలిప్పీన్స్‌లో చేస్తారు, ధర తక్కువైనా ఫ్రేమూ (కింది మొండెం), స్లైడూ (పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) ఉక్కే. ముందు మేగజీన్, అంటే గుళ్లు నింపే డబ్బా, తీసెయ్. స్లైడ్ వెనక్కి లాగి చాంబర్‌లోకి, అంటే పేలే గుండు కూర్చునే చోటికి, చూడు, వేలు పెట్టి తడుము. మేగజీన్ తీసినా చాంబర్‌లో గుండు ఉండిపోవచ్చు. గుళ్లు వేరే గదిలో పెట్టు. ఇది నాతో రెండోసారి చెప్పించుకోకు.

దాని మీదున్న గరుకు పూత పార్కరైజింగ్. తెల్ల వెనిగర్‌లో నానబెడితే వదులుతుంది. బయటికి తీశాక వట్టి ఉక్కు చూస్తుండగానే తుప్పెక్కుతుంది కాబట్టి వెంటనే కడిగి, ఆరబెట్టి, నూనె రాయి. తర్వాత ఎమరీ పేపర్ 320, 400, 600 వరసగా, వెనక చదునైన చెక్క పెట్టి, పొడుగునా ఒకే దిక్కుగా రుద్దు.

డ్రిల్లుకి బఫింగ్ చక్రం మాత్రం తగిలించకు. ఇక్కడ హ్యూస్టన్‌లో నాతో మెషీన్ షాపులో పనిచేసిన మనవాడొకడు అదే చేశాడు. చెయ్యి మంచిదే, తొందరెక్కువ. చక్రం కింద ఉక్కు అద్దంలా మెరుస్తుంటే ఆపలేకపోయాడు. స్క్రూ రంధ్రాల అంచులు గుంటలు పడ్డాయి, అది పోతే పోయింది. ఫ్రేమ్ కుడిపక్క సీరియల్ నంబరులో చివరి రెండంకెలు చెరిగాయి. వెలుతురులో ఏటవాలుగా పట్టుకుంటే ఒకటి మూడో ఎనిమిదో తెలీదు, రెండోదైతే వట్టి నీడ. గురి చూసే కొత్త సైట్ బిగించమని తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్తే, ఆయన భూతద్దం పెట్టి చూసి, పని పట్టుకోనని తిప్పి ఇచ్చేశాడు. నంబరు తీసేసినా, మార్చినా, చెరిపినా ఆ తుపాకీ తెలిసి దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. గ్రీన్ కార్డ్ వాడికి ఆయుధాల కేసులో శిక్ష పడితే దేశం నుంచే పంపెయ్యొచ్చు. అప్పటికి వాడి పౌరసత్వం దరఖాస్తు నడుస్తోంది. లాయర్ని పెట్టుకుని, ఆయన చేతే దాన్ని అధికారులకి అప్పజెప్పించాడు. కేసు పెట్టలేదు. కానీ ప్రమాణం చేసే రోజుదాకా ఆ ఇంట్లో తలుపు చప్పుడైతే వాడి భార్య ఉలిక్కిపడేది. నేను కళ్లారా చూశాను.

అందుకే ఎమరీ పేపర్ ముట్టుకోకముందే నంబరు ఫోటో తియ్యి. దాని మీద టేపు వెయ్యి. ఆ చుట్టుపక్కల పాత పూత మిగిలితే మిగలనీ, అందం తగ్గితే తగ్గనీ.

కోల్డ్ బ్లూయింగ్, అంటే ఉక్కుకి నలుపు పట్టించే మందు, రాసే ముందు జిడ్డంతా పోవాలి, వేలిముద్ర పడినా అక్కడ రంగు పట్టదు. లోహాన్ని కాస్త వెచ్చచేసి, దూదితో పట్టించి, కడిగి, సన్నటి స్టీల్ ఉన్నితో రుద్ది, మళ్లీ పట్టించు. ఆ సీసాలో సాధారణంగా సెలీనియం విషం ఉంటుంది నాయనా! తొడుగులు వేసుకో, గరాజ్ తలుపు తెరిచి పెట్టు. వంటింట్లోకి, పాప చేతికందే చోటికి అది రాకూడదు. ఎంత బాగా చేసినా ఆ రంగు పల్చనే, పిస్తోలు పెట్టుకునే ఒర (హోల్‌స్టర్) రాపిడికి అరుగుతుంది.

పిడి చెక్కలు నీ ఇష్టం, వాల్‌నట్ బాగుంటుంది. హ్యామర్‌ని (గుండుని పేల్చే సుత్తిని) పట్టి ఆపే సియర్‌ని, ఆ హ్యామర్ కొక్కేన్ని మాత్రం ఆకురాయితో తాకకు. ట్రిగ్గర్ తేలిక చేద్దామని అక్కడ వెంట్రుకవాసి గీకినా అది నొక్కకుండానే పేలొచ్చు.

తిరిగి బిగించేటప్పుడు స్లైడ్ స్టాప్ (స్లైడ్‌ని ఆపే మీట) జారి ఎడమపక్క ఫ్రేమ్ మీద వంపు గీత పెడుతుంది. కొత్త నలుపు మీద అది జన్మలో పోదు. ఆ ఒక్క పనికి మా ఇంటికి రా, ఇద్దరం కలిసి బిగిద్దాం. పెట్టెలో పెట్టి, తాళం వేసి తీసుకురా.

మీ అమ్మకి ఇవాళే ఫోన్ చెయ్యి. పిస్తోలు ఎక్కడ దాస్తున్నావో, తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో చెప్పు. ఆవిడ భయమంతా పాప గురించే.

మీ మామయ్య