కాడి విప్పాల్సిన చోటు

కర్నూలు,
సోమవారం

పాపా,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు సరిగా తినడం లేదని, గది తలుపు వేసుకుని కూర్చుంటున్నావని, ఏమైందే అంటే ‘పరువు పోయింది’ అంటున్నావని చెప్పింది. ఆస్పత్రి నుంచి వచ్చి పది రోజులు కాలేదు, అప్పుడే ఇంకో 50 కిలోమీటర్ల పరుగుకు డబ్బు కట్టేశావట. అది ఐదు వారాల్లోనే ఉందట. ఫోన్‌లో చెప్పబోతే నువ్వు ‘సరే మామా, సరే మామా’ అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నా. దీన్ని పక్కన పడేసినా, మళ్లీ ఎప్పుడో తీసి చదువుతావు.

జరిగింది నాకు తెలిసినంతవరకు చెప్తా, తప్పుంటే దిద్దు. 80 కిలోమీటర్ల కొండ పరుగు. 40 దాటాక వాంతులు. తాగిన నీళ్లు కడుపులో నిలవలేదు. పిక్కలు రాయిలా బిగుసుకున్నాయి. 54 దగ్గర, నీళ్లూ తిండీ ఇచ్చే ఎయిడ్ స్టేషన్‌లో చూసుకుంటే మూత్రం టీ డికాషన్ రంగులో ఉంది. కుర్చీలో 40 నిమిషాలు కూర్చున్నావు. తర్వాత లేచి, ఛాతీ మీది నంబరు విప్పి వాలంటీరు చేతిలో పెట్టావు. అక్కడి నుంచి అంబులెన్సు, ఆస్పత్రి, రెండు రోజుల సెలైన్. కండరాలు దెబ్బతిని, వాటి లోపలి సరుకంతా రక్తంలోకి వచ్చి కిడ్నీల మీద పడుతోందని డాక్టర్లు చెప్పారు. ర్యాబ్డో అంటారు దాన్ని.

ఇందులో పరువు పోయింది ఎక్కడో నాకు కనిపించలేదు. ఆ 40 నిమిషాలే ఎక్కువ అనిపించాయి. డికాషన్ రంగు చూశాక నాలుగు చాలు.

పని మధ్యలో వదిలేసినవాణ్ణి మనవాళ్లు ‘కాడి పడేశాడు’ అంటారు కదా. నీ బుర్రలో ఆ మాటే తిరుగుతున్నట్టుంది. ముప్పై ఏళ్లు పశువుల డాక్టరుగా తిరిగినవాణ్ణి, కాడి సంగతి నాకు కాస్త తెలుసు. ఒకసారి నంద్యాల వైపు తిరునాళ్లలో బండలాగుడు చూడ్డానికి పోయా. మిట్టమధ్యాహ్నం. ఒంగోలు గిత్తల జత ఒకటి లాగుతోంది. టైము ఇంకా మిగిలి ఉంది, ఇంకొన్ని అడుగులు లాగితే మొదటి బహుమతి. జనం ఈలలు, కేకలు. కుడివైపు గిత్త నోట్లోంచి నురగ తీగలా నేలదాకా సాగుతోంది, వెనక కాలు ఒకటి మడమ్మీద పడకుండా ఈడుస్తోంది. దాని రైతు ఎవర్నీ అడగలేదు. నేరుగా పోయి పలుపులు విప్పి కాడి ఎత్తేశాడు. ‘ఏందప్పా, ఇంకొక్క లాగు!’ అని ఎవరో అరిచారు. ఆయన వెనక్కి తిరక్కుండానే ‘రేపు మడక్కి నువ్వొస్తావా?’ అన్నాడు.

ఆ గిత్త కాడి పడేయలేదు, రైతు విప్పాడు. నీకొచ్చిన తిప్పల్లా ఏందంటే, ఈ పరుగుల్లో ఎద్దూ నువ్వే, రైతూ నువ్వే. 54వ కిలోమీటరులో, నీళ్లు నిలవక, నిద్ర లేక ఉన్నప్పుడు రైతు బుద్ధి ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే దాన్ని ముందురోజే వేరే చోట దాచిపెట్టుకోవాలి. ఎట్లాగో చెప్తా.

దానికి ముందు ఒక ముచ్చట. కాలిఫోర్నియాలో టెవిస్ కప్ అని గుర్రాల మీద ఒక్క రోజులో 100 మైళ్లు పోయే పోటీ ఒకటి 1955 నుంచి ఉంది. 1973లో గోర్డీ ఐన్స్‌లీ అనే ఆయన గుర్రం 29వ మైలు దగ్గర కుంటింది, ఆయన తప్పుకున్నాడు. మరుసటేడు గుర్రం లేకుండా అదే దారిలో తానే పరుగెత్తి 23 గంటల 42 నిమిషాల్లో చేరాడు. వెస్టర్న్ స్టేట్స్ అని మీరంతా కలలు కనే 100 మైళ్ల పరుగు అక్కడి నుంచే వచ్చింది. అంటే మధ్యలో ఆగిపోవడం ఈ ఆట కన్నా ఒక ఏడాది పెద్దది.

గుర్రాల పోటీలో నాకు బాగా నచ్చింది మా వాళ్ల పెత్తనం. దారి పొడుగునా పశువైద్యులు ఉంటారు. గుర్రం గుండె వేగం చెప్పిన అంకెకు దిగాలి. నడిపిస్తే కుంటకూడదు. మెడ మీది చర్మం పట్టి వదిలితే వెంటనే సర్దుకోవాలి. కడుపుకు చెవి పెడితే పేగుల చప్పుడు వినపడాలి. లేదంటే అక్కడితో సరి, రౌతు కాళ్లు పట్టుకున్నా వదలరు. ఆఖరి గీత దాటాక కూడా ‘ఇది ఇంకా పోగలదు’ అని డాక్టరు అంటేనే పూర్తి చేసినట్టు లెక్క. మనుషుల పరుగుల్లో ఇంత కట్టడి ఉండదు. గీత దాటి పడిపోయినా మెడల్ వేస్తారు.

నాకూ అట్లాగే వేశారు. నీకు ఆ సంగతి సగమే తెలుసు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో కర్నూల్లో ఇంకా జట్కాలు తిరిగేవి. పండగ సెలవని ఒకాయన గుర్రాన్ని రెండు రోజులు కట్టేసి, ప్రేమ కొద్దీ రోజూ పెట్టినన్ని ఉలవలూ పెట్టాడు. మూడోరోజు జట్కాకు కడితే పది నిమిషాల్లో ఒళ్లంతా చెమట, వెనక భాగం కట్టెలా బిగుసుకుపోయింది. మూత్రం కాఫీ రంగు. మా పుస్తకాల్లో దీన్ని సోమవారం జబ్బు అంటారు. ఆదివారం పని లేకుండా దాణా మేసి, సోమవారం బండికి కట్టిన గుర్రాలకు వస్తుంది కాబట్టి. అంగుళం కూడా కదిలించొద్దని, ఉన్నచోటే పెట్టి వైద్యం చేశాం. బతికింది.

అదంతా చూసినవాణ్ణి, 52 ఏళ్ల వయసులో 50 కిలోమీటర్ల పరుగులో మోకాలు నొప్పికి రెండు నొప్పి మాత్రలు మింగా. 38 దగ్గర మూత్రం రంగు చూశా. చూసి ఏమనుకున్నానో తెలుసా? పొద్దున తిన్న బీట్‌రూట్ అనుకున్నా. పొద్దున నేను తిన్నది ఉగ్గాణి.

పరుగు పూర్తి చేశా. ఫొటో దిగా. మర్నాటికి పాదాలు వాచాయి, మూత్రం దాదాపు ఆగిపోయింది. ఆరు రోజులు ఆస్పత్రి. డయాలసిస్ అంచుదాకా పోయి వెనక్కొచ్చా. ‘మాత్రలేమైనా వేసుకున్నారా?’ అని అక్కడి డాక్టరమ్మ అడిగినప్పుడు మీ అత్త నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. ‘ఎద్దుకైతే విప్పమని చెప్తావు’ అంది, అంతే. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఆ నొప్పి మాత్రలు కిడ్నీలకు పోయే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి. చితికిన కండ సరుకు పైనుంచి వచ్చి పడుతుంటే ఇక అవేం తట్టుకుంటాయి? నీ సంచిలో ఆ మాత్రలుంటే ఇప్పుడే తీసి పారెయ్.

ఇప్పుడు పని సంగతి. పరుగు ముందురోజు రాత్రి, బుద్ధి సరిగా ఉన్నప్పుడు, ఎప్పుడు ఆగాలో ఒక కాగితం మీద రాయి. దాన్ని నీతో వచ్చినవాళ్ల చేతికివ్వు. ‘నేను వాదించినా వినొద్దు’ అని వాళ్లకు చెప్పు. తోడు ఎవరూ లేకపోతే నంబరు వెనకాలే రాసుకో. నా కాగితంలో ఇప్పుడు ఇవి ఉంటాయి: మూత్రం డికాషన్ రంగులో ఉన్నా, తాగుతున్నా గంటల తరబడి రాకపోయినా ఆగాలి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం, ఇవి అడగక్కర్లేదు. నడక తూలుతున్నా, మాట తడబడుతున్నా, ఏ ఊరికొచ్చామో చెప్పలేకపోయినా ఆగాలి. మన ఎండల్లో ఇది వడదెబ్బ అయి ఉండొచ్చు, లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉండొచ్చు. అప్పుడు వాహనం కోసం చూస్తూ కూర్చోకూడదు. ముందు అక్కడికక్కడే చన్నీళ్లు, ఐస్, ఏది దొరికితే దాంతో ఒళ్లు చల్లార్చాలి, ఆ తర్వాతే ఆస్పత్రికి.

ఇంకొకటి మనవాళ్లు అస్సలు నమ్మరు. నీళ్లు ఎక్కువ తాగినా ప్రమాదమే. గంటకింత అని లెక్కపెట్టి పట్టుదలగా తాగితే రక్తంలో సోడియం పల్చబడుతుంది. తలనొప్పి, వాంతులు, వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం, ఆపైన మతి తప్పడం. చూసేవాళ్లు నీళ్లు తక్కువయ్యాయనుకుని ఇంకో సీసా పట్టిస్తారు. దాహమైతే తాగు, లేకపోతే వద్దు. వాంతి చేసుకున్న ప్రతివాడికీ నీళ్లు పట్టించే వాలంటీరు కనిపిస్తే వేళ్లు చూడమని చెప్పు.

బొబ్బలు, నిద్ర, ఏడుపు, ‘నాకెందుకీ ఖర్మ’ అనుకోవడం, వీటికి ఆగక్కర్లేదు. నీడలో కూర్చో, ఉప్పగా ఏదైనా తిను, అరగంట చూడు. చాలాసార్లు తేరుకుంటావు. కడుపు తిప్పడం కూడా చాలావరకు ఇంతే.

ఆగడమంటూ ఉంటే బండి వచ్చే చోట ఆగు. ఉగాదికి కన్నడ భక్తులు మన కర్నూలు, ఆత్మకూరు మీదుగా శ్రీశైలానికి నడుస్తారు కదా, నేనూ రెండుసార్లు వాళ్లతో నడిచా. వెంకటాపురం దాటితే ఇక నల్లమల. నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, అంతా అడవే. వెంకటాపురంలో ఒక పెద్దాయన చెట్టు కింద కూర్చుని కాలి గుడ్డ విప్పాడు. అరికాలు తోలు ఊడి ఉంది. ‘ఇక్కడైతే జీపు దొరుకుతుంది, లోపలైతే మీరు నన్ను మోయాలి’ అని వచ్చీరాని తెలుగులో చెప్పి, తన బియ్యం మూట మాకిచ్చి జీపెక్కాడు. 2021 మే 22న చైనాలో గాన్సు అనే చోట 100 కిలోమీటర్ల పరుగులో 172 మంది బయల్దేరితే 21 మంది చలిగాలికి చనిపోయారు. వాన, గాలి తగులుకుంది బండి పోలేని కొండ ఎత్తు మీద. అది తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ పెద్దాయన మూట గుర్తొస్తుంది. తర్వాతి స్టేషన్‌కు రోడ్డుందో లేదో అడగకుండా ఎక్కడి నుంచీ కదలకు.

ఆగాక నంబరు ఇచ్చి, పేరు కొట్టేయించుకునే రావాలి. ఇది నువ్వు చక్కగా చేశావు. చెప్పకుండా ఇంటికి పోయినవాడి కోసం రాత్రంతా టార్చిలైట్లతో కొండలు గాలించినవాళ్లను నేను చూశా. తిరిగొచ్చేటప్పుడు బండి మనం నడపకూడదు. ఆ రాత్రి గదిలో ఒంటరిగా పడుకోకూడదు. ఆస్పత్రిలో ఎన్ని గంటలు పరుగెత్తావో, ఏం మింగావో, ఎన్ని నీళ్లు తాగావో అడగకముందే చెప్పాలి.

జనానికి ఏం చెప్పాలన్నది నీ పెద్ద టెన్షన్ అట. ‘54 పోయా, ఒళ్లు బాగాలేక ఆగా’ అని చెప్పు. దాని మీద రెండో ప్రశ్న అడిగేవాళ్లలో ఐదు కిలోమీటర్లు నడిచినవాళ్లు ఎందరున్నారో లెక్కపెట్టు, పొద్దుపోతుంది.

ఐదు వారాల తర్వాతి పరుగు మాత్రం రద్దు చేసుకో. డబ్బు పోతే పోనీ, సగం నేనిస్తా. కిడ్నీల పనితీరు చెప్పే నీ క్రియాటినిన్ మామూలుకు రావాలి, కండ దెబ్బతింటే రక్తంలో పెరిగే సీకే దిగాలి, మెట్లెక్కితే పిక్కల్లో నొప్పి ఉండకూడదు. దూరం పరుగెత్తిన వాళ్లందరికీ సీకే పెరుగుతుంది కాబట్టి ఆ ఒక్క అంకె చూసి హడలిపోకు, ఊరట కూడా పడకు. డాక్టరు సరేనన్నాక నడక, తర్వాత చిన్న పరుగు, కొండ అన్నిటికన్నా ఆఖరున. కొండ దిగేటప్పుడే తొడ కండలు ఎక్కువ దెబ్బతింటాయి. తక్కువ దూరానికే ఇది మళ్లీ వస్తే కండరాల్లో పుట్టుకతో ఏదైనా లోపముందేమో పరీక్ష చేయించాలి. దాచొద్దు. బీట్‌రూట్ కథ నాతోనే పోనీ.

ఆదివారం పొద్దున అనంతపురంలో బస్సెక్కు. రిపోర్టులన్నీ తే, డిశ్చార్జి కాగితంతో సహా. మీ అత్త ఉగ్గాణి, బజ్జీ చేస్తానంది. సాయంత్రం ఎండ తగ్గాక జగన్నాథగట్టు వైపు మెల్లగా నడుద్దాం. షూస్ వద్దు, చెప్పులు చాలు. నంబరు ఇచ్చేసినా దాని నాలుగు పిన్నీసులు నీ దగ్గరే ఉండి ఉంటాయి, అవి కూడా తీసుకురా. మీ అత్తకు పిన్నీసులు ఎన్నున్నా చాలవు.

మీ మామ