పెళ్లి బ్లూరే డిస్కులు చూడటానికి 13,500 పెట్టి డ్రైవ్ కొనాలా?

ప్రశ్న: మాది విజయనగరం. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, మావారు మందుల ఏజెన్సీలో పనిచేస్తారు. ఇద్దరికీ కలిపి నెలకు 46,000 వస్తుంది. 2015లో మా పెళ్లప్పుడు వీడియోగ్రాఫర్ ‘బ్లూరే క్వాలిటీ’ (డీవీడీ కంటే స్పష్టమైన బొమ్మ) అని అదనంగా డబ్బు తీసుకుని నాలుగు డిస్కులిచ్చాడు. ఇంట్లో వాటిని ఆడించేది ఏదీ లేక ఇప్పటిదాకా చూడనేలేదు. ఇప్పుడు కంప్యూటర్‌కి బ్లూరే డ్రైవ్ కొనాలనుకుంటున్నాం. లోపల బిగించే రైటర్ (డిస్కుల మీద రాయగల డ్రైవ్) 9,800, బయట పెట్టుకునే 4కే రైటర్ 13,500 అని షాపులో చెప్పారు. రెండోదానికి ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉందట. మొత్తం ఒకేసారి కడితే 12,700కే ఇస్తారట. పిల్లల ఫోటోలు, వీడియోలు 300 జీబీ దాకా ఉన్నాయి, వాటినీ డిస్కుల్లోకి ఎక్కించాలని ఉంది. మావారికి దసరా బోనస్ 15,000 వచ్చింది, దాన్ని కదపకుండా ఈఎంఐలో తీసుకుందామంటున్నారు. క్రెడిట్ కార్డు మీద 28,000 బాకీ ఉంది, నెలనెలా మినిమమ్ 1,400 కడుతున్నాం. అమెరికా నుంచి తమ్ముడు డ్రైవ్ తెస్తానంటున్నాడు. ఏది కొనమంటారు?

సమాధానం: అమ్మా, మీరు డ్రైవ్ గురించి అడిగారు, అది తప్పకుండా చెబుతాను. కానీ మీ ఉత్తరంలో చివరికి రాసిన కార్డు బాకీతో మొదలుపెట్టాలి. మీ ఇంట్లో డబ్బు కారిపోతున్నది అక్కడే.

కార్డు కంపెనీలు బాకీ మీద సాధారణంగా నెలకు మూడున్నర శాతానికి అటూ ఇటూగా వడ్డీ వేస్తాయి. 28,000 మీద అది 980 రూపాయలు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 176. అంటే నెలకు 1,156 రూపాయలు వడ్డీకే పోతోంది. మీరు కట్టే 1,400లో అసలు తగ్గుతున్నది 244 మాత్రమే. పైగా పాత బాకీ పూర్తిగా తీరనంత వరకు, కొత్తగా ఏది గీకినా, కిరాణా సామానైనా సరే, మామూలుగా వచ్చే వడ్డీ లేని గడువు వర్తించదు. కొన్న రోజు నుంచే వడ్డీ లెక్క మొదలవుతుంది. ఇలాంటి కార్డు మీదకు ఇంకో ఈఎంఐ ఎక్కించవద్దని గట్టిగా చెబుతున్నాను.

బోనస్ 15,000 ఈ వారమే కార్డుకు కట్టేయండి. నెలకు 619 రూపాయల వడ్డీ వెంటనే తగ్గుతుంది. ఏ ఫిక్స్‌డ్ డిపాజిట్టూ 15,000 మీద నెలకు అంత ఇవ్వదు. మిగిలిన 13,000కి నెలకు 3,000 చొప్పున కడితే ఐదో నెలతో బాకీ మొత్తం తీరిపోతుంది. ఆ 3,000 ఎక్కడిదంటారా? మీ ప్లాన్ ప్రకారమే డ్రైవ్ ఈఎంఐ 2,250, కార్డు మినిమమ్ 1,400 కలిపి నెలకు 3,650 కట్టడానికి సిద్ధపడ్డారు కదా. అంతకంటే తక్కువే అడుగుతున్నాను. ఆ ఐదు నెలలూ కార్డు బీరువాలో ఉండాలి. అందులో కొత్త ఖర్చు పడితే ఈ లెక్క నిలవదు.

ఇక నో కాస్ట్ ఈఎంఐ సంగతి. సున్నా శాతం వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. అందుకే ఇప్పుడు వడ్డీని ముందుగా డిస్కౌంటు రూపంలో తగ్గించి, తర్వాత వాయిదాల్లో వసూలు చేస్తారు. ఏడాదికి 16 శాతం వడ్డీ అనుకుంటే మీ 13,500లో దాదాపు 610 రూపాయలు వడ్డీ కింద లెక్క. దానిమీద జీఎస్టీ 110 మీరే కట్టాలి. ప్రాసెసింగ్ ఫీజు 199 అనుకుంటే జీఎస్టీతో కలిపి 235. మొత్తం 345 అయింది. ఒకేసారి కడితే తగ్గిస్తామన్న 800 కూడా కలపండి. ‘నో కాస్ట్’ మీకు పడే ఖర్చు 1,145 రూపాయలు.

ఇప్పుడు డ్రైవ్ దగ్గరికి వద్దాం. మీరు రెండు వేరు వేరు పనుల్ని ఒక వస్తువుకు ముడిపెట్టారు. నాలుగు డిస్కుల్ని చదవడం ఒక పని. 300 జీబీని దాచుకోవడం ఇంకో పని.

మొదటిదాన్ని చూద్దాం. పెళ్లి వీడియోల డిస్కులు మామూలుగా వీడియోగ్రాఫర్ సొంతంగా రాసినవే, సినిమా డిస్కులకు ఉండే, కాపీ కానివ్వని తాళం వీటికి ఉండదు. ఇది మీకు బాగా కలిసొచ్చే విషయం. డిస్కు తెరిస్తే ‘బీడీఎంవీ’ అని ఒక ఫోల్డర్ కనిపిస్తుంది. అందులో ‘స్ట్రీమ్’ అనే ఫోల్డర్ ఉంటుంది. దాంట్లో 00000, 00001 అని అంకెలతో మొదలయ్యే ‘ఎం2టీఎస్’ ఫైళ్లే మీ పెళ్లి: స్నాతకం, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు. వాటిని మామూలు ఫైళ్లలాగే కాపీ చేసుకోవచ్చు, ఉచితంగా దొరికే వీఎల్‌సీ ప్లేయర్‌లో చూసుకోవచ్చు. ఒకసారి హార్డ్ డిస్క్‌లోకి వచ్చాక ఆ డిస్కుల్ని మళ్లీ డ్రైవ్‌లో పెట్టాల్సిన అవసరమే ఉండదు.

అంటే డ్రైవ్‌తో మీకున్న పని ఒక్క మధ్యాహ్నంలో అయిపోతుంది. ఒక పొర ఉన్న డిస్కులో పట్టేది 25 జీబీ. 6ఎక్స్ వేగం ఉన్న సన్నపాటి డ్రైవ్ సెకనుకు గరిష్ఠంగా 27 ఎంబీ చదువుతుంది. డిస్కు లోపలి అంచు దగ్గర వేగం ఇంకా తక్కువ. ఎలా చూసినా ఒక్కో డిస్కుకు అరగంట చాలు. దీనికోసం 13,500 అక్కర్లేదు. ఆ వీడియోగ్రాఫర్ ఇప్పటికీ ఊళ్లో ఉంటే ముందు అతన్నే అడగండి, లేదంటే వీడియో మిక్సింగ్ చేసే ఏదైనా స్టూడియోలో అడగండి. బ్లూరే కాలంలో పనిచేసిన వాళ్ల దగ్గర డ్రైవ్ ఉండే అవకాశం ఎక్కువ. 128 జీబీ పెన్ డ్రైవ్ తీసుకెళ్లి కాపీ చేయించుకోండి. ముందే దాన్ని ఎక్సాఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేసుకోండి. ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, మీ పెళ్లి ఫైళ్లు అంతకంటే పెద్దవే అయి ఉండొచ్చు. డిస్కులు వదిలేసి రాకండి, పనయ్యేదాకా అక్కడే కూర్చోండి. దుమ్ముంటే మెత్తటి గుడ్డతో మధ్యనుంచి అంచువైపు తుడవండి, గుండ్రంగా రుద్దకండి. బ్లూరేలో సమాచారం ఉండే పొర మెరిసే వైపు నుంచి 0.1 మిల్లీమీటరు లోతులోనే ఉంటుంది.

అలా కుదరకపోతే అప్పుడు డ్రైవ్ కొనడం సబబే. మీ తోడికోడళ్లు, చుట్టాల పెళ్లిళ్లకు కూడా ఇవే డిస్కులిచ్చి ఉంటే తలా కొంత వేసుకుని ఒకటి కొనండి. ఎవరి పని వాళ్లు చేసుకుని పక్కింటికి ఇవ్వొచ్చు. అందుకే బయట పెట్టుకునేదే తీసుకోమంటాను. లోపల బిగించేదానికి కేబినెట్‌లో అయిదుంపావు అంగుళాల ఖాళీ అర, మదర్‌బోర్డు మీద డ్రైవ్ తీగ పెట్టే ఖాళీ సాటా పోర్టు ఉండాలి. కొత్త కేబినెట్లలో చాలావాటికి ఆ అరే ఉండటం లేదు. రేపు మీరు ల్యాప్‌టాప్‌కి మారితే 9,800 దండగ.

4కే అంటే మామూలు బ్లూరే కంటే ఇంకా స్పష్టమైన బొమ్మ. ఆ మాటకు అదనంగా ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. కంప్యూటర్లో 4కే అల్ట్రా హెచ్‌డీ సినిమా డిస్కుల్ని అధికారికంగా ఆడించాలంటే ఇంటెల్ ప్రాసెసర్‌లో ఎస్‌జీఎక్స్ అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. పదకొండో తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ల నుంచి ఇంటెల్ దాన్ని తీసేసింది. మీది కొత్త కంప్యూటరైతే 4కే డ్రైవ్ పెట్టినా ఆ సినిమాలు రావు. మీ పెళ్లి డిస్కులకైతే దానితో సంబంధమే లేదు. మామూలు బ్లూరే సినిమాలు చూడాలన్నా విండోస్‌లో ఆ సౌకర్యం ఉండదు, డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనాలి. డ్రైవ్‌తోపాటు ఇస్తున్నారేమో అడగండి. పెట్టె మీద ‘కాంబో’ అని ఉంటే అది బ్లూరేని చదువుతుంది, రాయడం మాత్రం సీడీ, డీవీడీలకే పరిమితం. మీకు అది చాలు, ధర కూడా రైటర్ కంటే తక్కువ ఉంటుంది. సన్నపాటి డ్రైవ్‌కి కరెంటు యూఎస్‌బీ నుంచే అందాలి కాబట్టి కేబినెట్ ముందువైపు పోర్టులో కాకుండా వెనకవైపు పోర్టులో పెట్టండి.

తమ్ముడు తెచ్చే డ్రైవ్ ఇక్కడ పనిచేస్తుంది. కానీ పాడైతే అమెరికా వారంటీ ఇక్కడ సాధారణంగా చెల్లదు. సినిమా డిస్కులు మాత్రం తేవద్దని చెప్పండి. డిస్కు ఏ దేశాల్లో ఆడాలో నిర్ణయించే రీజియన్లు ఉంటాయి, బ్లూరేలో అమెరికాది ‘ఏ’ రీజియన్, మనది ‘సి’. కొన్ని డిస్కులకు ఈ అడ్డు ఉంటుంది. మీ పెళ్లి డిస్కులకు రీజియన్ గొడవ లేదు.

ఇక పిల్లల 300 జీబీ. దీన్ని బ్లూరేలోకి ఎక్కించడం నాకు ఇష్టం లేదు. 25 జీబీ డిస్కులు 13 దాకా కావాలి, ఒక కాపీ పోయినా ఇంకోటి ఉండాలంటే 26. ఫోటోలు ఏటా పెరుగుతూనే ఉంటాయి. అన్నిటికంటే పెద్ద కారణం, ఈ సరుకు బజారు నుంచి వెళ్లిపోతోంది. సోనీ 2025 ఫిబ్రవరిలో రాసుకునే బ్లూరే డిస్కుల తయారీ ఆపేసింది. ఎల్‌జీ 2024 చివర్లో బ్లూరే ప్లేయర్లను ఆపేసింది. పదేళ్ల తర్వాత డిస్కు బాగున్నా దాన్ని చదివే డ్రైవ్ దొరకాలి కదా. మీ పెళ్లి డిస్కుల్ని కూడా ఇంకో ఏడాది వాయిదా వేయకండి అనేది అందుకే.

కార్డు బాకీ తీరిన ఆరో నెలలో, కార్డుకు కట్టే 3,000ని పక్కన పెట్టడం మొదలుపెట్టి ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనండి. 500 జీబీది చాలు, 1 టీబీ అయితే ఇంకొన్నేళ్లు చూసుకోనక్కర్లేదు. తర్వాత రెండోది కొని మీ అమ్మగారింట్లో ఉంచండి. పెళ్లి వీడియో, పిల్లల ఫోటోలు రెండిట్లోనూ ఉండాలి. అంతదాకా పిల్లల ఫోటోల్లో ముఖ్యమైనవి ఏరి ఆ పెన్ డ్రైవ్‌లో మిగిలిన చోట వేసుకోండి.

ఈ శనివారం ఒక్క డిస్కు తీసుకెళ్లి స్టూడియోలో తెరుచుకుంటుందో లేదో చూసుకోండి. బోనస్ కట్టాక వచ్చే కార్డు స్టేట్‌మెంట్‌లో కట్టిన తేదీని బట్టి పాత వడ్డీ కొంత కలిసి వస్తుంది, కంగారుపడకండి. ఆ పై నెల స్టేట్‌మెంట్‌లో ‘ఫైనాన్స్ చార్జెస్’ అనే వరుస చూడండి. అది 500కు అటూ ఇటూగా ఉండాలి. అంతకంటే బాగా ఎక్కువ కనిపిస్తే ఆ స్టేట్‌మెంట్‌లో కార్డు నంబరు కొట్టేసి నాకు పంపండి, ఎక్కడ తేడా వచ్చిందో చూసి చెబుతాను.