ఇంటర్నెట్ లేకపోతే యూపీఐ ద్వారా డబ్బు పంపలేమా?

పంపవచ్చు, మీ బ్యాంకు, సిమ్ సంస్థ ఈ సేవను అందిస్తుంటే, ఖాతాకు నమోదైన నంబరు నుంచి *99# డయల్ చేసి, బటన్ల ఫోన్‌తో సైతం ఒక్కో విడతకు 5,000 రూపాయల వరకు చెల్లించవచ్చు. ఈ సందేశాలు డేటా మీద కాక, ఫోన్ కాల్‌ను కలిపే సిగ్నల్ మార్గంలో వెళ్లడమే ఇందుకు కారణం.

ఉదాహరణకు, కిరాణా కొట్టులో 240 రూపాయలు కట్టబోతే డేటా అందక యాప్‌లో చక్రం తిరుగుతూనే ఉందనుకుందాం. అప్పుడు *99# నొక్కి, తెరపై వచ్చే జాబితాలో డబ్బు పంపే అంకెను ఎంచుకుని, కొట్టు యజమాని నంబరు, మొత్తం, చివరగా యూపీఐ పిన్ ఇస్తే సరిపోతుంది (ఆలస్యం చేస్తే మాత్రం మెనూ మధ్యలోనే మూసుకుపోతుంది).

ఇంటర్నెట్ అక్కర్లేదంటే నెట్‌వర్కే అక్కర్లేదని చాలామంది పొరబడతారు. టవర్ సిగ్నల్ లేకపోయినా, బ్యాంకు సర్వరు ఆగిపోయినా ఈ దారీ పనిచేయదు. అప్పుడు జేబులోని నోటే దిక్కు.