కంటి ప్రెషర్ 23 వచ్చిందన్న మా చెల్లెలి కొడుక్కి

ఒరే చిన్నా,

నిన్న రాత్రి నీ మెసేజ్ చూసేసరికి పదకొండయిపోయింది, అంత రాత్రి ఫోన్ చేస్తే మీ పిల్లలు లేస్తారని ఊరుకున్నాను, పొద్దున్న కూర్చుని తీరిగ్గా టైప్ చేస్తన్నాను. కళ్ళజోడు మార్పించుకుందామని వెళ్తే ప్రెషర్ 23 ఉందన్నారు, నరం బాగానే ఉంది ఆరు నెలలకి మళ్ళీ రమ్మన్నారు, మందేం రాయలేదు, అయితే ఏం తింటే తగ్గుతుంది పెద్దమ్మా అని అడిగావు, మీ ఆవిడ డైట్ చార్ట్ కూడా కావాలంది. చార్ట్ సంగతి తర్వాత, ముందు ఇది విను.

మామూలుగా 10 నుంచి 21 లోపు ఉండాలి అంటారు. 23 అంటే గ్లకోమా, మనం నీటికాసులు అంటామే, కంటి నరం పాడయ్యే జబ్బు, అది వచ్చేసిందని కాదు, కంటి పైన నల్లగుడ్డు మీద ఉండే పొర మందంగా ఉన్నవాళ్ళకి మెషిన్లో ఎక్కువ చూపిస్తుంది కూడా, ఆ మందం కొలిచారో లేదో అడుగు. కానీ మన ఇంట్లో ఈ జబ్బు ఉంది కాబట్టి నీ 23ని పక్కింటాయన 23తో పోల్చుకోకూడదు. మీ తాతగారికి నీటికాసులు. భీమిలిలో ఉండేటప్పుడు గుమ్మాలు తన్నుకుంటుంటే అందరం పొర, అంటే శుక్లం, అనుకున్నాం, పొర ముదిరితే ఆపరేషన్ చేయిద్దాంలే అని రెండేళ్ళు ఆగాం, తీరా తీసుకెళ్తే కంటి నరం ఎండిపోయింది అన్నారు. పొరయితే తీసేసి లెన్స్ వేస్తారు, నరం పోతే మళ్ళీ రాదు. ఆ రెండేళ్ళూ నాన్నకి ఆకుకూరలు, పాలు, వెన్న, దేనికీ లోటు చెయ్యలేదురా. అది నాకు ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంటుంది.

తర్వాత నాకు. 2011లో కనిపెట్టారు, రోజూ రాత్రి ఒక చుక్క వెయ్యమన్నారు. మూడేళ్ళు వేసుకున్నాను. 2014లో ఒకావిడ చెప్పింది, ఏదో పొడి, క్యారెట్ బీట్‌రూట్ జ్యూస్‌లో కలుపుకుని పరగడుపున తాగితే ప్రెషర్ దానంతటదే దిగిపోతుంది చుక్కలు అక్కర్లేదు అని. నేను నమ్మేశాను. ఏడు నెలలు చుక్కలు మానేశాను, నొప్పి లేదు మంట లేదు ఎరుపు లేదు, చూపు శుభ్రంగా ఉంది, పేపర్ చదువుకుంటన్నాను, కాబట్టి పొడి పనిచేస్తోంది అనుకున్నాను. చెకప్‌కి వెళ్తే ఎడమ కంట్లో 31. ఫీల్డ్ టెస్ట్, అంటే చూపు చుట్టూ ఎంతవరకు ఆనుతుందో చూసే పరీక్ష, ఆ కాగితంలో అంతకుముందు లేని నల్ల మచ్చ. ఇప్పుడు కుడి కన్ను మూసుకుని దగ్గరగా నిలబడి గోడ క్యాలెండర్ నడిమధ్యకి చూస్తే పై వరసలో కుడివైపు తేదీలు నాకు కనపడవు. రెండు కళ్ళూ తెరిస్తే అన్నీ కనపడతాయి, ఎందుకంటే రెండో కన్ను ఆ లోటు పూడ్చేస్తుంది. అందుకే ఈ జబ్బు మనిషికి తెలీదు. మన దేశంలో కోటి మందికి పైగా ఉందంటారు, ఊళ్ళల్లో సర్వేలు చేసినప్పుడల్లా జబ్బున్న పదిమందిలో తొమ్మిదిమంది దాకా తమకి ఉన్నట్టే తెలియనివాళ్ళే తేలారు.

ఇంత చెప్పింది ఎందుకంటే, ఇప్పుడు తిండి గురించి చెప్పబోయేది నువ్వు చెకప్ మానేసి పట్టుకుంటే నాకు మహాపాపం చుట్టుకుంటుంది. చెకప్ ఉంచుకుని, రేపు డాక్టర్ చుక్కలు రాస్తే చుక్కలు వేసుకుని, దాంతోపాటు చెయ్యాలి.

ఆకుకూర. నేను నిజంగా నమ్మేది ఇదొక్కటే. అమెరికాలో నర్సులు, ఇంకా మగ వైద్య ఉద్యోగులు కలిపి లక్షా ఐదు వేల మంది దాకా, 1980ల నుంచి 2012 వరకు వాళ్ళు ఏం తింటన్నారో రాయించుకుంటూ వచ్చారు. అందులో దగ్గర దగ్గర 1500 మందికి గ్లకోమా వచ్చింది. 2016లో లెక్క తేలిస్తే ఆకుకూరలు బాగా తిన్నవాళ్ళలో, అంటే రోజుకి ఒకటిన్నర సర్వింగ్ చొప్పున, బాగా తక్కువ తిన్నవాళ్ళ మీద ఆ జబ్బు 20 నుంచి 30 శాతం తక్కువగా ఉంది. చూపు మధ్యకి దగ్గరలో దెబ్బతినే రకం అయితే ఇంకా తక్కువ, 40, 50 శాతం దాకా. ఆకుల్లో నైట్రేట్ ఉంటుంది, నమిలి మింగితే నోట్లో ఉండే బాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తుంది, ఒంట్లోకి వెళ్ళాక నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది, అది రక్తనాళాల్ని వదులు చేస్తుంది, కంటి నరానికి రక్తం బాగా అందుతుంది, అలాగన్నమాట. ఆకుకూర తినేవాళ్ళు వేరే విషయాల్లో కూడా జాగ్రత్తగా ఉండేవాళ్ళే అయ్యుండొచ్చు, అది నిజమే, అయినా ఇందులో పోయేదేముంది చెప్పు, తోటకూర కట్టకి.

మరి ఎలా వండాలో కూడా విను, మీ ఆవిడకి చదివి వినిపించు. నైట్రేట్ నీళ్ళలో కరిగిపోతుంది. పాలకూర ఉడకబెట్టి నీళ్ళు వంచేసి పారబోసి, ఆ పిప్పి తాలింపు పెడితే సగం సింకులో పోసినట్టే. పప్పులో వేసెయ్యండి, ఆ నీరంతా పప్పులోనే ఉంటుంది. తోటకూర పప్పు, బచ్చలికూర పెసరపప్పు, చుక్కకూర పప్పు, మెంతికూర, పొన్నగంటి కూర, ఏది దొరికితే అది. మా అమ్మమ్మ పొన్నగంటి కూర కంటికి మంచిదని వారానికోసారి వండేది, ఆవిడకి నైట్రేట్ సంగతి తెలీదు గానీ ఆకు తినిపించింది, అది చాలు. మునగాకు మీ గాజువాకలో ఎవరి పెరట్లో అడిగినా ఇస్తారు, వేపుడు చెయ్యండి పిల్లలు తింటారు. గోంగూర పచ్చడిని మాత్రం ఆకుకూర లెక్కలో వెయ్యకు, దాన్లో ఉప్పూ నూనే ఎక్కువ, నువ్వు తినేది రెండు ముద్దలకి.

నేను ఎంవీపీ రైతు బజారుకి పొద్దున్నే ఆరున్నరకల్లా వెళ్తాను, ఎనిమిది దాటితే ఆకు వాడిపోతుంది. మూడు రకాలు కొంటాను, రెండు రోజులకి సరిపోతుంది, కడిగి ఆరబెట్టి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెడతాను. నువ్వు డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు గోపాలపట్నం వైపు వెళ్ళే పనుంటే అక్కడ కూడా బజారుంది.

ఒక జాగ్రత్త. మీ నాన్నకి కిడ్నీలో రాళ్ళు కదా, ఆయనకి పాలకూర, తోటకూర ఇలాగ రోజూ పెట్టకండి, డాక్టర్ని అడిగి పెట్టండి. మీ మావగారు గుండె ఆపరేషన్ తర్వాత రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ వేసుకుంటన్నారు కదా, ఆయన ఉన్నపళంగా ఆకుకూరలు పెంచేస్తే ఆ మాత్ర పని తేడా వస్తుంది, ఆయన జోలికి వెళ్ళొద్దు. ఈ చార్ట్ నీది.

ఇక కాఫీ. నాకు తెలుసు నువ్వు రోజుకి నాలుగు తాగుతావు, ఆ అరకు కాఫీ పొడి నేనే కొనిస్తాను కాబట్టి తప్పు నాదీ ఉంది. కాఫీ తాగిన గంట రెండు గంటలు ప్రెషర్ కొంచెం పెరుగుతుంది, ఒకటో రెండో, మామూలు మనిషికి లెక్కలోది కాదు. కానీ బ్రిటన్‌లో లక్షా ఇరవై వేల మందికి పైగా చూసి 2021లో చెప్పిందేంటంటే, పుట్టుకతోనే ప్రెషర్ పెరిగే గుణం బాగా ఎక్కువున్నవాళ్ళు రోజుకి మూడు కప్పుల పైన కాఫీకి సరిపడా కెఫీన్ తీసుకుంటే, ఆ గుణం తక్కువుండి కెఫీన్ తీసుకోనివాళ్ళ మీద వాళ్ళలో గ్లకోమా నాలుగు రెట్లకి దగ్గరగా కనిపించింది. ఆ గుణం లేనివాళ్ళలో అంత తేడా లేదు. మీ తాత, నేను, ఇప్పుడు నీ 23. నువ్వు ఏ లెక్కలోకి వస్తావో నీ జన్యువులు ఎవరూ పరీక్ష చెయ్యలేదు, కాబట్టి ఒకటి పొద్దున్న ఒకటి సాయంత్రం, అంతటితో ఆపు. టీ తాగేవాళ్ళలో గ్లకోమా తక్కువుందని కూడా ఒకటి వచ్చింది, అది చూసి చక్కెర వేసుకుని ఆరు టీలు మొదలెట్టకు, అంత గట్టి రుజువు కాదది.

నీళ్ళ విషయం ఎవరూ చెప్పరు, అందుకని దీని దగ్గర కాసేపు ఆగుతాను. నువ్వు పొద్దున్న లేవగానే లీటరున్నర నీళ్ళు గడగడా తాగుతావు, మంచిదని. కంటి డాక్టర్ల దగ్గర ఒక పరీక్ష ఉండేది, ఇప్పటికీ కొంతమంది చేస్తారు, మనిషి చేత ఐదు నిమిషాల్లో లీటరు నీళ్ళు తాగించి పావుగంటకోసారి కంటి ప్రెషర్ ఎంతకి ఎగబాకుతుందో చూస్తారు. అంటే కంటిని కష్టపెట్టి చూడటానికి వాళ్ళు చేసే పనే నువ్వు ఇంట్లో రోజూ చేస్తన్నావు. నీళ్ళు తగ్గించమనట్లేదు, మన వైజాగ్ ఉక్కపోతకి నీళ్ళు కావాలి, ఒక గ్లాసు తాగు, స్నానం చెయ్యి, ఇంకో గ్లాసు తాగు, అలా పొద్దంతా పంచుకో. మజ్జిగ అయినా అంతే, కొబ్బరి నీళ్ళయినా అంతే.

చేపలు తిను, ఫిషింగ్ హార్బర్ ఉన్న ఊళ్ళో ఉండి చికెన్ పకోడీ తింటన్నావు. కవళ్ళు, కానాగంతలు చవక, వాటిలో మంచి కొవ్వు ఉంటుంది, పులుసు పెట్టించుకో. కంటి ప్రెషర్‌కి చేప మందు అని మాత్రం నేననను, షుగరూ గుండే బాగుంటాయని అంటన్నాను. షుగర్ ఉన్నవాళ్ళకి గ్లకోమా కూడా ఎక్కువ వస్తుంది, పైగా కంటి వెనక రెటీనా కూడా పాడవుతుంది, మీ నాన్నకి షుగర్ ఉంది, నీకు పొట్ట వచ్చింది. బీచ్‌కి వెళ్తే ముంత మసాలా తిను ఏమీ అనను, ఆ బజ్జీలూ, ఇంటికొచ్చాక మాడుగుల హల్వా డబ్బా ముందు పెట్టుకుని కూర్చోవడం తగ్గించు. ఎటూ వెళ్తావు కాబట్టి ఆర్కే బీచ్‌లో ముప్పావుగంట జోరుగా నడువు, నడక వల్ల ప్రెషర్ కొంచెం దిగుతుంది. నడక అన్నాను, శీర్షాసనం కాదు. తలకిందులుగా ఉంటే కంటి ప్రెషర్ రెండింతలవుతుంది, చెన్నైలో యోగా చేసేవాళ్ళు 75 మందికి కొలిచి మరీ చూశారు. నీ ఫోన్లో ఆ ఫోటో చూశాను, అది మానెయ్.

క్యారెట్ గురించి అడిగావు. తిను, కూర చేసుకుని తిను. విటమిన్ ఎ లేకపోతే రేచీకటి వస్తుంది, నిజమే, కానీ అది వేరే సంగతి. విటమిన్ మాత్రలు వద్దు, అదే నర్సుల్ని చూసినప్పుడు సి, ఇ మాత్రల వల్ల పెద్ద తేడా ఏమీ కనపడలేదు. బి3 మీద కొన్ని దేశాల్లో పరీక్షలు జరుగుతన్నాయి, అక్కడ ఇచ్చేది రోజుకి గ్రాముల లెక్కన చాలా పెద్ద డోసు, లివర్‌కి దెబ్బ తగలొచ్చు, అది డాక్టర్ చేతిలో ఉండాల్సిన పని, ఆన్‌లైన్లో డబ్బా చూసి ఆర్డర్ పెట్టేది కాదు. పొడులు, లేహ్యాలు ఎవరు చెప్పినా నాకు ఫోన్ చెయ్యి, నేను మాట్లాడతాను వాళ్ళతో.

తిండి కాదు గానీ ఇది చెప్పకుండా ఉండలేను. దుమ్ముకి కళ్ళు మండినప్పుడల్లా మెడికల్ షాపులో ఏదో చుక్కల మందు కొనుక్కుంటావు కదా, వెంటనే చల్లగా అయిపోతుందంటావు, వాటిల్లో కొన్నిటిల్లో స్టెరాయిడ్ ఉంటుంది. మనలాంటి కుటుంబాల్లో అది ప్రెషర్ పెంచేస్తుంది, అదే కారణమై నరం పోయినవాళ్ళు ఉన్నారు. ముక్కులో కొట్టుకునే స్ప్రే, తామరకి రాసుకునే క్రీము, వాటి పేర్లు కూడా రాసుకుని డాక్టర్‌కి చూపించు. ఆ 23 అసలు దాని వల్లేమో కూడా చూడాలి.

ఇంకోటి, ఈ ఆకుకూరల లెక్కలన్నీ కంట్లో నీరు బయటకి పోయే కోణం తెరుచుకుని ఉండి వచ్చే రకానివి. మన దేశంలో కోణం మూసుకుపోయే రకం కూడా బాగా ఉంది, దానికి ఎన్ని కట్టల తోటకూర తిన్నా దారి తెరుచుకోదు, లేజర్‌తో చిన్న కన్నం పెట్టాలి. ఈసారి వెళ్ళినప్పుడు నా కోణం తెరుచుకుందా మూసుకుందా, ఆ కోణం చూసే పరీక్ష గోనియోస్కోపీ చేశారా అని నోరు తెరిచి అడుగు, సిగ్గుపడకు. హనుమంతవాక ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో అయినా చేస్తారు, పెదవాల్తేరు ప్రభుత్వ కంటి ఆసుపత్రి కూడా ఉంది, డబ్బుల గురించి వెనకాడే పని లేదు.

ఆదివారం పిల్లల్ని తీసుకుని వచ్చెయ్. ఓసీటీ కాగితం, అదే కంటి నరం స్కాన్ తీసింది, ఫీల్డ్ టెస్ట్ కాగితం రెండూ పట్టుకురా, నా 2011 కాగితం పక్కన పెట్టి చూపిస్తాను, ఎక్కడ ఏం చూడాలో నీకు అర్థమవుతుంది. మీ చెల్లికి ముప్పై ఆరు వచ్చాయి, ఒక్కసారి కూడా కళ్ళు చూపించుకోలేదు, దాన్ని కూడా లాక్కురా, సోమవారం పొద్దున్న నేనే తీసుకెళ్తాను. మేడమీద బచ్చలి తీగ పిట్టగోడంతా పాకేసింది, పప్పు వండి ఉంచుతాను, వెళ్ళేటప్పుడు మీ ఆవిడకి రెండు కొమ్మలు ఇస్తాను, కుండీలో గుచ్చితే వారంలో చిగురేస్తుంది.

పెద్దమ్మ