రాసేది ఎమ్ జీ ఏ, పలికేది మఙా

ప్రశ్న: మేడమ్, మెడిసిన్ చదవడానికి మనీలా వచ్చి నాలుగు నెలలైంది. క్లాసులన్నీ ఇంగ్లీషే గానీ ముందు ముందు పేషెంట్లతో తగాలోగ్ మాట్లాడాలి కదా అని ఇప్పట్నుంచే మొదలుపెట్టా. బుక్కులో ఎమ్ జీ ఏ అని ఉంటే మ్గా అని చదివా, మా రూమ్మేట్‌కి అర్థమే కాలేదు. తెలుగులో రాసుకుని నేర్చుకోవచ్చా?
– మెడికల్ స్టూడెంట్, సొంతూరు కరీంనగర్

జవాబు: రాసుకో తల్లీ, నిక్షేపంగా రాసుకో. వాళ్ళ త, ద అచ్చం మన త, దలే, ఇంగ్లీషు అలవాటులో ట, డ అనకు. టీ ఎస్ కలిస్తే దాదాపు మన చ, చెప్పుల్ని చినేలస్ అంటారు.

నువ్వడిగిన మాట మఙా, అది మన బహువచనం "లు" లాంటిది, కాకపోతే పేరుకి ముందొస్తుంది. ఎన్ జీ కలిస్తే వాళ్ళకి ఒకే అక్షరం, 1987 నాటి 28 అక్షరాల్లో అదీ ఒకటి, మనం క ఖ గ ఘ తర్వాత చదివి వదిలేసిన ఙ అదే. అక్కడ దాంతోనే మాటలు మొదలవుతాయి, పన్నుని ఙీపిన్ అంటారు. "గంగ" అంటూ గం దగ్గర ఆగిపో, నాలుక వెనక భాగం పైన అతుక్కుని ఉంటుంది చూడు, అక్కణ్ణుంచే ఈ అని అందుకో, మధ్యలో గ వినపడకూడదు. ఎన్ జీ ఒక్కటే విడిగా ఉంటే మాత్రం నఙ్ అని చదవాలి.

మాటలో ఎక్కడ నొక్కి పలకాలో కూడా రాతలో కనపడదు, దానికి మన దీర్ఘం బాగా పనికొస్తుంది. నేను అక్కడ కొత్తగా ఉన్నప్పుడు బజార్లో చామదుంపల కోసం గబీ అని అడిగా, గబీ అంటే రాత్రి. కూరలావిడ ఒక దుంప తీసి నా చేతిలో పెట్టి గా...బి, గా...బి అని నేను సరిగ్గా అనేదాకా చెప్పింది, ఆ సాగదీత ఇప్పటికీ చెవిలో ఉంది.

అసలు జాగ్రత్తంతా గొంతు మూతలోనే. "ఎక్కడ" అనడానికి ఎస్ ఏ ఏ ఎన్ అని రాస్తారు, సాన్ కాదు, స-అన్, మధ్యలో గొంతు టక్కున మూసి తెరవాలి. రెండు ఓలు రాస్తే ఊ కాదు, ఒ-ఒ, అంటే అవును. ఈ మూత మాట చివర కూడా వస్తుంది, డిక్షనరీలో గుర్తు పెడతారు గానీ పేపర్లో ఉండదు. బాగ అంటే నిప్పుకణిక, అదే చివర గొంతు మూస్తే ఊపిరితిత్తి, నీకు రోజూ కావాల్సిన మాట కదా, అందుకే నోట్సులో అలాంటి మాటల చివర ఒక చిన్న గీత పెట్టుకో. పుస్తకంలో మధ్యన గీత ఉంటే దాన్నీ వదలకు, మగ్-అలీస్ అంటే తీసెయ్యడం, కలిపేసి మగలీస్ అంటే గజ్జి పట్టిన అని!

"అండి"కి పో అంటారు. స-అన్ పో మసకీత్? ఎక్కడండీ నొప్పి? ముందు ఇది రూమ్మేట్ దగ్గర అని చూడు, ఆ అమ్మాయి సరే అనేదాకా.