స్కూటర్ దిగి పెద్ద బండి ఎక్కేవాళ్లకు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్ర: ఐదేళ్లుగా యాక్టివా నడుపుతున్నాను. గేర్ల బండి స్నేహితుల దగ్గర నేర్చుకున్నదే తప్ప సొంతానికి లేదు. ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలికి రోజూ రానూపోనూ 30 కి.మీ. నెలకోసారి శ్రీశైలమో విజయవాడో వెళ్లాలని కోరిక. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, హిమాలయన్ 450, ఇంటర్‌సెప్టర్ 650లలో ఏది కొనాలో తేలడం లేదు. ‘కొనేదేదో పెద్దదే కొను, మళ్లీ మార్చే పనుండదు’ అంటున్నారు ఫ్రెండ్స్.
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జ: కిలోమీటర్లు కాకుండా గంటలు లెక్కేసుకోండి. ఆ దారిలో రోజుకు గంటన్నర వేసుకున్నా, 22 పనిదినాలకు 33 గంటలు. శ్రీశైలం వెళ్లి రావడానికి మహా అయితే పది, పన్నెండు గంటలు. అంటే బండి మీద మీరు గడిపే సమయంలో మూడొంతులు ట్రాఫిక్‌లోనే, ఒకటో గేరుకీ రెండో గేరుకీ మధ్యే. కాబట్టి కొనేది ఆ మూడొంతుల కోసం.

యాక్టివా బరువు 106 కిలోల చుట్టుపక్కల ఉంటుంది. క్లాసిక్ 350 బరువు 195, హిమాలయన్ 450 బరువు 196, ఇంటర్‌సెప్టర్ దాదాపు 218. హైవే మీద 80లో పోతున్నప్పుడు ఈ తేడా తెలియదు. తెలిసేది నడక వేగంలో. పెట్రోల్ బంకు దగ్గర యూటర్న్, అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు, వాలుగా ఉన్న చోట బండిని కాళ్లతో వెనక్కి నెట్టుకోవడం వంటివి. కొత్తవాళ్ల పెద్ద బళ్లు పడేది ఎక్కువగా ఇక్కడే. హ్యాండిల్ ఒక పక్కకు తిరిగి ఉండగా ముందు బ్రేకు నొక్కితే బండి అటే ఒరుగుతుంది. 106 కిలోలైతే కాలు ఆనించి ఆపేస్తాం. 200 కిలోలు ఒక హద్దు దాటి ఒరిగాక ఆపాలని చూస్తే నడుమో మోకాలో పోతుంది, వదిలేయడమే మంచిది. నెమ్మదిగా తిప్పేటప్పుడు ముందు బ్రేకు జోలికి పోకుండా, క్లచ్ సగమే వదిలి (హాఫ్ క్లచ్) వెనక బ్రేకు తేలిగ్గా తొక్కి పట్టడం అలవాటు చేసుకోండి.

స్కూటర్ నుంచి వచ్చేవాళ్లకు ఇంకో చిక్కుంది, చాలామంది చెప్పరు. స్కూటర్‌కు ఎడమ చేతి లివర్ బ్రేకు. మోటార్‌సైకిల్‌కు అదే చోట క్లచ్. ఎదురుగా కుక్క అడ్డమొస్తే ఐదేళ్ల అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి గట్టిగా బిగుసుకుంటుంది. బ్రేకు పడకపోగా, ఇంజిన్ పట్టు కూడా వదిలేసి బండి ఇంకా తేలిగ్గా ముందుకు జారుతుంది. ఖాళీ మైదానంలో 30 వేగం నుంచి ముందు బ్రేకు, కుడి కాలి బ్రేకు కలిపి వేసి ఆపడం రోజుకు ఇరవై సార్లు చొప్పున వారం చేయండి. ముందు బ్రేకును ఒక్కసారిగా లాగకండి. తేలిగ్గా మొదలుపెట్టి, బరువు ముందు చక్రం మీదికి వచ్చాక గట్టిగా నొక్కండి. ఏబీఎస్ ఉన్నా పద్ధతి ఇదే. ఏబీఎస్ చక్రం బిగుసుకుపోకుండా చూస్తుందే గానీ, ఇసుక మీద దూరం తగ్గించదు.

మీ లైసెన్సు కూడా ఒకసారి తీసి చూడండి. గేర్లు లేని బండికి మాత్రమే తీసుకుని ఉంటే ఈ బళ్లు నడపడానికి అది చెల్లదు. మన దగ్గర 350కి వేరు, 650కి వేరు లైసెన్సులు లేవు గానీ, గేర్లు ఉన్నవి, లేనివి అన్న తేడా ఉంది.

డబ్బు సంగతికొస్తే, 350 సీసీ దగ్గర ఒక గీత ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా జీఎస్టీ 18 శాతం, దాటితే 40 శాతం. కొత్త బండికి తప్పనిసరి అయిన ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా 2022 జూన్ రేట్ల ప్రకారం 150 దాటి 350 సీసీ వరకు రూ. 7,365, ఆపైన రూ. 15,117. 349 సీసీ ఇంజిన్లు ఇన్ని ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమైందిగా! ఇక వేగం అంటారా, నాలుగు వరుసల రహదారి మీద మోటార్‌సైకిల్‌కు కేంద్రం 2018లో పెట్టిన హద్దు గంటకు 80 కి.మీ. సుమారు 20 హార్స్‌పవర్ ఇచ్చే 350 ఇంజిన్ ఆ వేగంలో వెనక మనిషి ఉన్నా ఊపిరాడకుండా ఏమీ అయిపోదు. వంద దాటించాలని చూస్తేనే ఆయాసపడుతుంది.

మీ ఎత్తుకు, మీ దారికి మా ఓటు అదే కంపెనీ మీటియర్ 350కి. సీటు ఎత్తు 765 మి.మీ. (క్లాసిక్‌ది 805), ట్యాంకు 15 లీటర్లు, అలాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు. లీటరుకు 32 చొప్పున లెక్కేసినా, మూడు లీటర్లు మిగిలి ఉండగా బంకు చూసుకోవాలనుకుంటే 380 కి.మీ. దాకా బెంగ ఉండదు. దాని కాళ్లు ముందుకు చాపే కూర్చోవడం నచ్చకపోతే హోండా హైనెస్ సీబీ350 చూడండి, 181 కిలోలే. హిమాలయన్ మంచి బండే. కానీ సీటు 825 మి.మీ., పైగా మీరు చెప్పిన రెండు దారులూ తారు రోడ్లే. 650ని రెండేళ్ల తర్వాత చూసుకోవచ్చు. ఇప్పుడైతే ఎండాకాలం సిగ్నల్ దగ్గర ఆ రెండు సిలిండర్ల వేడి కుడి మోకాలికి ఎడమ మోకాలికి సమానంగా పంచుతుంది.

ప్ర: షోరూమ్‌లో టెస్ట్ రైడ్ అంటే వీధి చివరిదాకా వెళ్లి రమ్మంటున్నారు. అంతలో ఏం తెలుస్తుంది?
— ఉపాధ్యాయుడు, కరీంనగర్

జ: సరిగ్గా వాడుకుంటే చాలానే తెలుస్తుంది. రోజూ వేసుకునే చెప్పులతో కాకుండా బూట్లతో వెళ్లండి. ముందు ఇంజిన్ ఆపి ఉండగానే కూర్చుని బండిని నిటారుగా నిలపండి, ఐదడుగులు వెనక్కి నెట్టండి, డబుల్ స్టాండ్ ఉంటే వేసి తీయండి. ఈ మూడూ చేతకాని బండి వద్దు. స్టార్ట్ చేశాక రెండో గేరులో 15–20 వేగంలో పోనివ్వండి. ఇంజిన్ తన్నుకోకుండా లాగితే ట్రాఫిక్‌లో సుఖం. రోడ్డు వెడల్పులో యూటర్న్ కొట్టండి. వచ్చాక బండిని ఆపకుండా ఐదు నిమిషాలు నిలబెట్టి, పిక్కలకు వేడి ఎంత తగులుతోందో చూడండి. లిక్విడ్ కూలింగ్ బళ్లలో ఫ్యాన్ తిరిగినప్పుడు గాలి ఎటు వస్తోందో గమనించండి. చివరగా, మీతో తరచూ వచ్చేవాళ్లు ఎవరో వాళ్లనే వెనక కూర్చోబెట్టండి. వెనక సీటు అందం చూసి కొన్నవాళ్లు మూడో నెలలో కొత్త సీటు కుట్టించుకుంటున్నారు.

ప్ర: నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. నేనే నడుపుకుంటూ అరకు, లంబసింగి తిరగాలి. సీటు కోయించుకోమని, లేదా లోయరింగ్ లింకులు వేయించుకోమని అంటున్నారు.
— బ్యాంకు ఉద్యోగిని, విశాఖపట్నం

జ: రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలని పట్టుబట్టకండమ్మా. ఆగేటప్పుడు ఎడమ పాదం గట్టిగా ఆని, కుడి కాలు వెనక బ్రేకు మీద ఉంటే చాలు. సీటులో కాస్త ఎడమకు జరిగితే ఆ పాదం ఇంకా బాగా అందుతుంది. సీటు ఎత్తుతో పాటు ముందు భాగం వెడల్పు కూడా చూడండి. ముందు సన్నగా ఉన్న 800 మి.మీ. సీటు, వెడల్పుగా ఉన్న 780 కన్నా బాగా అందవచ్చు. మరీ కిందికి ఉన్న సీటు చూసి మోసపోకండి: సూపర్ మీటియర్ 650 సీటు 740 మి.మీ.యే, బరువు 241 కిలోలు!

సీటు ఫోమ్ 15–20 మి.మీ. దాకా తీయించవచ్చు. అంతకు మించితే కింది ప్లాస్టిక్ బేస్ తగిలి గంటలోపే కూర్చోలేరు. లోయరింగ్ లింకుల విషయంలో జాగ్రత్త. అవి వెనక భాగాన్నే దించుతాయి. ముందు ఎత్తు అలాగే ఉండి హ్యాండిల్ బద్ధకంగా తిరుగుతుంది. స్పీడ్ బ్రేకర్లకు బండి అడుగుభాగం తగులుతుంది. అన్నిటికన్నా చిరాకైనది సైడ్ స్టాండ్. బండి కిందికి దిగినా స్టాండు పొడవు తగ్గలేదు కాబట్టి, ఎడమకు ఒరగాల్సినంత ఒరగక బండి దాదాపు నిటారుగా నిలుస్తుంది. అటుగా వెళ్లేవాళ్ల చెయ్యి తగిలినా కుడివైపు పడిపోతుంది. లింకులు వేయిస్తే స్టాండు కూడా ఆ మేరకు కోయించి వెల్డింగ్ చేయించాల్సిందే. ఇంత తతంగం కన్నా 765 సీటున్న మీటియరో, 181 కిలోల రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటరో మేలు.

ఘాట్ దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కేవారో ఆ గేరులోనే దిగండి, రెండో మూడో. బ్రేకు ఆపకుండా రుద్దుతూ దిగితే ప్యాడ్లు కాగి, బ్రేకు ఆయిల్ మరిగి, లివర్ మెత్తబడుతుంది. న్యూట్రల్‌లో, క్లచ్ నొక్కి దిగడం పెట్రోల్ ఆదా అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ మాట వినకండి.

ప్ర: స్పోక్ చక్రాలా, అలాయ్ చక్రాలా?
— డిగ్రీ విద్యార్థి, కడప

జ: తారు రోడ్లకు అలాయ్. అందం కోసమే స్పోక్ అయితే, అందులో ట్యూబ్ ఉందో లేదో అడగండి. ట్యూబ్ టైరుకు మేకు దిగితే గాలి ఒక్కసారిగా పోతుంది, చక్రం ఊడదీయనిదే పని జరగదు. నల్లమల మధ్యలో పంక్చర్ షాపు దొరకదు. ట్యూబ్‌లెస్ అయితే మేకు తీసి, రంధ్రం గీకి, జిగురు పట్టీ దూర్చి, బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసర్‌తో గాలి పట్టడానికి పదిహేను నిమిషాలు. పట్టీ, పనిముట్లు సిద్ధం చేసుకునేదాకా మేకు పీకకండి, రంధ్రం ఎక్కడో వెతుక్కోవాల్సి వస్తుంది. రాళ్ల దారుల్లోనే తిరిగేవాళ్లకు స్పోక్ నయం. గుంతలో పడితే అలాయ్ పగులుతుంది, స్పోక్ రిమ్ము వంగినా సరిచేయించుకోవచ్చు.

ప్ర: బెంగళూరులో మూడేళ్లు వాడిన 400 సీసీ బండి బాగా తక్కువకు వస్తోంది. కొనవచ్చా?
— వ్యాపారి, అనంతపురం

జ: ‘తక్కువ’ అన్నదాంట్లో మన రాష్ట్రంలో మళ్లీ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపారా? అక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ (ఫారం 28), బదిలీకి ఫారం 29, 30, ఫైనాన్స్ ఉంటే అది తీరినట్టు ఫారం 35 కావాలి. ఇవి చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి. బండి ఇక్కడే 12 నెలలు దాటి ఉంటే ఇక్కడి నంబరు తీసుకోక తప్పదు.

బండి చూడ్డానికి చెప్పాపెట్టకుండా పొద్దున్నే వెళ్లండి, ఇంజిన్ చల్లగా ఉండాలి. ముందే వేడి చేసి పెట్టారంటే స్టార్టింగ్ ఇబ్బంది దాస్తున్నారేమో అనుకోవచ్చు. ముందు చక్రం గాల్లోకి లేపించి హ్యాండిల్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పండి. నడిమధ్యలో ‘టక్’మని ఆగినట్టుంటే స్టీరింగ్ బేరింగులు అయిపోయాయి. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు గొట్టాల మీద నూనె తడి ఉంటే సీళ్లు మార్చాలి. వెనక స్ప్రాకెట్ (పళ్ల చక్రం) మీద చైనును వేలితో వెనక్కి లాగినప్పుడు పంటి సగం కనబడితే చైన్ సెట్ మొత్తం కొత్తది వేయాలి, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి. టైరు పక్కన చిన్న గడిలో నాలుగు అంకెలుంటాయి. 2322 అంటే 2022లో 23వ వారం తయారైంది. గాట్లు బాగున్నా, ఐదేళ్లు దాటి గట్టిపడిన రబ్బరు వానలో జారుతుంది. హ్యాండిల్ చివరలు, ఫుట్‌రెస్టులు, లివర్ కొనలు ఒక పక్కే అరిగి ఉంటే పడిన బండి. నిలబడ్డచోట పడిందైతే పర్లేదు. ఇంజిన్ కేసింగ్ దాకా గీతలుంటే, హ్యాండిల్ పూర్తిగా తిప్పితే తగిలి ఆగే చోట ఫ్రేమ్ నొక్కుకుపోయి ఉంటే వదిలేయండి.

ప్ర: ప్రతి లాంగ్ ట్రిప్ తర్వాతా చైను వదులవుతోంది. గట్టిగా బిగించమంటే మెకానిక్ వద్దంటున్నాడు.
— కాంట్రాక్టర్, ఖమ్మం

జ: మీ మెకానిక్ మాటే నిజం. వెనక మనిషి, సామాను పడగానే స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రం) పైకి కదులుతుంది, చైను తనంతట తానే బిగుస్తుంది. ముందే బిగుతుగా ఉంటే ఆ లాగుడంతా గేర్‌బాక్స్ బేరింగు మీద పడుతుంది. చాలా బళ్లకు కింది వరుస మధ్యలో వేలితో ఎత్తితే 25–30 మి.మీ. ఆడాలి. మీ బండికి ఎంతో చైన్ గార్డు దగ్గరి స్టిక్కర్ మీద గానీ పుస్తకంలో గానీ ఉంటుంది. చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, ఎక్కువ బిగుతుగా ఉన్న చోటే కొలవండి. 500 కి.మీ.కోసారి, వానలో తడిసిన రోజు తప్పకుండా, కిరోసిన్ గుడ్డతో తుడిచి నూనె పెట్టండి. బండి తిప్పి వచ్చాక చైను వెచ్చగా ఉన్నప్పుడు పెడితే లోపలికి దిగుతుంది. చక్రం చేత్తోనే తిప్పాలి. ఇంజిన్ ఆన్ చేసి గేరులో వేసి గుడ్డ పట్టుకుని వేళ్లు పోగొట్టుకున్నవాళ్లున్నారు.

ప్ర: హెల్మెట్, జాకెట్‌కు ఎంత పెట్టాలి?
— పాఠకుడు, గుంటూరు

జ: బండి ధరలో పదో వంతు పక్కన పెట్టుకునే కొనండి. హెల్మెట్‌కు ఐఎస్‌ఐ గుర్తు చట్టం ప్రకారం తప్పనిసరి. పెట్టుకుని తల ఊపితే చెంపల చర్మం కూడా హెల్మెట్‌తో కదలాలి. మన ఎండలకు గాలి ఆడే జాలీ జాకెట్ తీసుకోండి, భుజాలకు మోచేతులకు గార్డులు ఉన్నది. గ్లోవ్స్ ముందు, జాకెట్ తర్వాత. పడ్డప్పుడు మనిషి మొదట ఆనించేది అరచేతులే.

ప్ర: హైదరాబాద్ ఔటర్ మీదుగా వెళ్లి శ్రీశైలం రోడ్డు ఎక్కవచ్చా? రాత్రి పూట ప్రయాణం నయమా?
— పాఠకుడు, సంగారెడ్డి

జ: ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గం మీద టూవీలర్లను రానివ్వరు. పక్కనున్న సర్వీసు రోడ్డే దారి. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అమ్రాబాద్ అడవి దారి మూసేస్తారు, కాబట్టి ఆరింటికల్లా మన్ననూర్ చెక్‌పోస్టు దగ్గర ఉండేలా బయల్దేరండి. అచ్చంపేట దగ్గరే ట్యాంకు నింపుకోండి.